కిసుము బడిలో జమున

సాయంత్రం షిఫ్టు మారే వేళకి సూరత్‌లో ఉధ్నా మెయిన్ రోడ్డు దాటడం అంత తేలిక కాదు. ఆటోలు, సిటీ బస్సులు, బట్ట తానులు నింపుకున్న టెంపోలు, మధ్యలో దూరిపోయే బైకులు. ఆ రద్దీకి అవతలి వైపు రాజమల్లు నిలబడి ఉన్నాడు. ఇవతల మేడ మీది బాల్కనీలో అతని కూతురు జమున ఉంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు, చేతులతో. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాననీ, అమ్మ చీరలు అప్పజెప్పి రావడం ఆలస్యమవుతుందనీ, అన్నం వండి పెట్టమనీ ఆయన చెప్పాడు. కూర ఏం చేయను అని ఆమె అడిగింది. ఆయన పిడికిలి బిగించి, పైన తొడిమలా బొటనవేలు లేపి వంకాయ చూపించాడు. జమున ముఖం చిట్లించింది. ఆయన నవ్వి, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి విదిల్చి బజారు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇదంతా హంసాబెన్ చూసింది. ఆ మేడ ఆమెదే. అందులో చిన్నపిల్లలకు ట్యూషన్లు నడుపుతుంది. జమున డిగ్రీ చదివే రోజుల నుంచీ అక్కడ లెక్కలు చెప్పేది; ఈమధ్యే డిగ్రీ పూర్తయింది.

"ఆ కయీ భాషా ఛే, జమునా?" అని అడిగింది హంసాబెన్. అదేం భాష అని.

"మా కార్ఖానా భాష, బెన్," అంది జమున గుజరాతీలో.

నిజానికి అది అంతే. మరమగ్గాలు నడిచే షెడ్డులో మనిషి మాట మనిషికి వినపడదు. పోగు తెగింది, నూలు కండె అయిపోయింది, యజమాని సేఠ్ వస్తున్నాడు, చాయ్ వచ్చింది, అన్నీ చేతులతోనే. రాజమల్లు పదహారేళ్ళ వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడులోనే పనిచేస్తున్నాడు. చెవులు సగానికి పైగా పోయాయి. చిన్నప్పుడు ఆయనకు సద్ది గిన్నె తీసుకుపోయి, ఆయన తినేదాకా పక్కన కూర్చున్న జమునకు ఆ సైగలు తెలుగుతో పాటే వచ్చేశాయి.

హంసాబెన్ తన చెల్లెలి సంగతి చెప్పింది. ఆ చెల్లెలు పెళ్ళై కెన్యా వెళ్ళి కిసుము అనే ఊళ్ళో స్థిరపడింది. అక్కడ చెవిటి పిల్లల కోసం ఒక హాస్టల్ బడి ఉంది. ఆమె దాని కమిటీలో సభ్యురాలు. పిల్లలతో పాటు ఉండి చూసుకోవడానికీ, చిన్న తరగతులకు లెక్కలు చెప్పడానికీ ఏడాది పాటు ఒక యువతి కావాలని వెతుకుతున్నారు. తిండి, వసతి, రానూపోనూ టికెట్ వాళ్ళే ఇస్తారు.

"నువ్వు వెళ్తావా?" అంది హంసాబెన్.

జమున ఆ రాత్రి వరకు కూడా ఆగలేదు. "వెళ్తాను" అని అక్కడే చెప్పేసి, ఇంటికి వెళ్ళి, అమ్మ రాగానే కూరగాయలు తరుగుతూ ఆమెతో అంది.

తల్లి స్వరాజ్యం ఇంటి దగ్గరే చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. చేతిలో చీర పక్కన పెట్టి కూతురిని తేరిపార చూసింది.

"ఆఫ్రికాలనా? తెలివుండే మాట్లాడుతున్నవా? రింగ్ రోడ్ మార్కెట్ల కొలువు ఇస్తమన్నరు కదా. గది ఇడిసిపెట్టి గిదేంది?"

"కొలువు వచ్చే ఏడాది సుత దొరుకుతది అమ్మా. గిట్ల పొయ్యే మోక మళ్ల రాదు."

"ఎవలున్నరే నీకు ఆడ?"

"పోయినంక ఉంటరు."

రాజమల్లుకు సగం వినిపించింది, సగం ముఖాలు చూసి అర్థమైంది. ఆయన చెవిటితనం వల్ల గొంతు ఎప్పుడూ పెద్దగానే వస్తుంది. ఆ రోజు గల్లీ అంతా విన్నది.

"నేను సూరత్ వచ్చిన్నాడు నన్నెవలన్న అడిగిండ్రా, పోతవా అని? కడుపు తోలింది, వచ్చిన. అది ఇష్టపడి పోతున్నది. పోనియ్యి."

స్వరాజ్యం మరో నెల రోజులు మూతి ముడుచుకుంది గానీ, పాస్‌పోర్టు విచారణకు పోలీసు ఇంటికి వచ్చినప్పుడు చాయ్ పెట్టి ఇచ్చింది తనే. అహ్మదాబాద్ వెళ్ళి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకు వచ్చినప్పుడు, చెయ్యి నొప్పి పుడుతుందేమోనని కాపడం పెట్టింది కూడా తనే. జనవరిలో జమున ముంబయి నుంచి నైరోబీకి విమానమెక్కింది.

కిసుము పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అవతలి గట్టు కనపడదు కాబట్టి జమున మొదట సముద్రమే అనుకుంది. బడి ఊరి చివర, ఎర్రమట్టి దారిలో ఉంది. రేకుల కప్పుల తరగతి గదులు, ఒక పొడవాటి భోజనశాల, చుట్టూ మొక్కజొన్న చేను. మొదటి పూట పళ్ళెంలో పెట్టిన మొక్కజొన్న ముద్ద చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మక్క గట్క! తెలంగాణ నుంచి వచ్చిన నానమ్మ చేతి గట్కే, కాస్త గట్టిగా ఉందంతే.

చేతి సైగలు తనకు కొత్త కావు కదా అన్న ధీమాతోనే ఆమె వెళ్ళింది. ఆ ధీమా మొదటి రోజే గట్టి దెబ్బ తింది. ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ అకిన్యి ఎక్కడున్నారో తెలుసుకోవాలి. ఆవరణలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరకు వెళ్ళి, కార్ఖానాలో గడ్డం సేఠ్‌ను చూపించినట్టు, చుబుకం కింద లేని గడ్డాన్ని నిమురుతున్నట్టు చెయ్యి ఆడించి, ఎక్కడ అని అడిగింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక పొడవాటి పిల్ల ఎంతో మర్యాదగా తల ఊపి, వంటగది వెనక్కి పరుగెత్తి, తాడు పట్టుకుని ఒక మేకను లాక్కొచ్చింది.

సరిగ్గా అప్పుడే మిసెస్ అకిన్యి వరండాలోకి వచ్చింది. సంగతి తెలిసి ఆ పెద్దావిడ గోడకు చేరబడి నవ్వింది. పిల్లలు నేల మీద పడి దొర్లారు. జమునకూ నవ్వాగలేదు. ఆ వారమంతా ఏ పిల్ల ఎదురైనా గడ్డం నిమిరి చూపించేది.

వాళ్ళ భాష నేర్పింది ఓకోత్ అనే మాష్టారు. పుట్టుకతో చెవిటివాడు, అదే బడిలో చదివి అక్కడే మాష్టారయ్యాడు. ఓపిక తక్కువ, తప్పు పడితే బల్ల మీద చరిచేవాడు. ఆ అదురు చేతికి తగిలి జమున మళ్ళీ మొదలుపెట్టేది. నెల తిరిగేసరికి ఆమెకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. కార్ఖానా సైగలతో పని చెప్పొచ్చు, అంతే. ఇక్కడి పిల్లలు తమ చేతులతో కథలు చెబుతున్నారు, అబద్ధాలాడుతున్నారు, రేపటి గురించీ చచ్చిపోయిన కుక్క గురించీ మాట్లాడుకుంటున్నారు. దేవుడు ఏ భాషలో వింటాడని వాదించుకుంటున్నారు. ఇది భాష. తనకు వచ్చినది దాని గుమ్మం మాత్రమే. అది తెలిశాక ఆమెకు దిగులు కలగలేదు, ఉత్సాహం వచ్చింది. ఇప్పటికే నాలుగు భాషలు నేర్చినదానికి ఐదోది ఒక లెక్కా అనుకుంది.

మార్చి కల్లా ఆమె లెక్కల పాఠం సైగల్లోనే చెప్పసాగింది. పిల్లలు ఆమెకు ఒక పేరు కూడా పెట్టారు. వాళ్ళలో ఎవరినీ అక్షరాలతో పిలవరు, ప్రతి మనిషికీ ఒక సైగ ఉంటుంది. జమున పేరు, జడ వెనక్కి విసిరేసుకోవడం.

ఆదివారాలు ఇంటికి వీడియో కాల్ చేసేది. ఎప్పుడూ మాట్లాడేది అమ్మే. రాజమల్లు వెనక నిలబడి, "మంచిగున్నవా బిడ్డా" అని అరిచి పక్కకు జరిగేవాడు. ఫోను ఆయన చెవికి పనికిరాదు. ఒక ఆదివారం జమున ఫోను గోడకు ఆనించి పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంది. "బాపును ముందట కూసోపెట్టు అమ్మా" అంది. కార్ఖానా సైగలు, కొత్తగా నేర్చినవి, ముఖంతో చేసే అభినయం కలిపి మేక కథంతా చెప్పింది. రాజమల్లు ముందు అయోమయంగా చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. మేక ఏమంది అని చేతులతోనే అడిగాడు. అక్కడి నుంచి కబుర్లు ఎక్కడెక్కడికో పోయాయి. సరస్సులో పడవలు ఎలా ఉంటాయి, వాన ఎప్పుడు పడుతుంది, కొత్తగా వచ్చిన మగ్గాలు ఎలా నడుస్తున్నాయి, ఆయన స్నేహితుడు సోమలింగం ఊరికి ఎందుకు వెళ్ళిపోయాడు.

స్వరాజ్యం ఫోను తన వైపు తిప్పుకుంది. "నాతోని ఇన్ని మాటలు ఎన్నడన్న మాట్లాడిండా మీ బాపు? నాకు సుత నేర్పియ్యి, ఏం చెప్తున్నడో నేను చూస్త."

మే నెలలో రెండో టర్ము మొదలైంది. మొదటి రోజు ఒక ముసలామె ఎనిమిదేళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. పిల్ల పేరు అటియెనో. పుట్టి ఏడాది దాటగానే జ్వరం వచ్చి వినికిడి పోయింది. తల్లిదండ్రులు లేరు, పెంచింది అమ్మమ్మే. పల్లెలో ఎవరికీ సైగలు రావు కాబట్టి ఆ పిల్లకు ఏ భాషా లేదు. తన పేరు ఏమిటో కూడా తెలియదు. బడి అంటే ఏమిటో, తనను ఎక్కడికి తెచ్చారో చెప్పే దారి కూడా ఎవరికీ లేదు. పిల్లకు భోజనశాలలో జావ గిన్నె చేతికిచ్చారు. ఆమె తల వంచుకుని తాగుతుండగా, ఏడుస్తుందని భయపడి అమ్మమ్మ చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోయింది.

చప్పుడు చేసినా ఆ పిల్లకు వినపడేది కాదు. గిన్నె దించి చూసేసరికి అమ్మమ్మ లేదు.

ఆ రోజు అటియెనో ముగ్గురిని కొరికింది, గేటు ఎక్కబోయి మోకాలు చీరుకుంది. ఆమెను జమునకు అప్పగించారు. జమున ఏమీ నేర్పడానికి ప్రయత్నించలేదు. పిల్ల గేటు దగ్గర కూర్చుంటే తనూ పక్కన కూర్చునేది. బట్టలు ఉతికేటప్పుడు ఒక కొస ఆమెకు ఇచ్చి, రెండో కొస తను పట్టుకుని పిండేది. పది రోజుల తర్వాత చిలగడదుంపలు ఒలుస్తుంటే పిల్ల చెయ్యి చాచింది. జమున "ఇవ్వు" అన్న సైగ చేసి చూపి, దుంప ఇచ్చింది. మరో దుంపకు ముందు పిల్ల తన చేత్తో అదే సైగ చేసింది. జమున దుంప ఇచ్చింది. పిల్ల మళ్ళీ చేసింది. తన చెయ్యి ఇలా కదిలితే వస్తువు వస్తుందని తెలిసి, తట్ట ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. ఒళ్ళో దుంపలన్నీ పెట్టుకుని తన చేతి వంకే చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత మాటలు వరదలా వచ్చాయి. జూలై నాటికి అటియెనో మిగతా పిల్లలతో పోట్లాడేంత భాష సంపాదించింది. ఒక్క జావ మాత్రం తాగేది కాదు. గిన్నె పెడితే నెట్టేసేది. రుచి నచ్చలేదేమో అనుకున్నారు అంతా. జమునా అలాగే అనుకుంది.

ఆగస్టు సెలవులకు అమ్మమ్మ వచ్చింది. పిల్ల పరుగెత్తి వెళ్ళలేదు. జమున వెనక్కి చేరి, ఆమె చున్నీ పట్టుకుని నిలబడింది. ముసలామె తమ లువో భాషలో ఏదో అని, భుజాన కప్పుకున్న గుడ్డ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నన్ను మరిచిపోయింది అంటోంది," అని మిసెస్ అకిన్యి చెప్పింది.

ఆ సెలవుల్లో హంసాబెన్ చెల్లెలి కుటుంబం జమునను అడవి జంతువులు చూపించడానికి తీసుకువెళ్తామన్నారు. వాహనం కూడా మాట్లాడేశారు. జమున మిసెస్ అకిన్యి గదిలోకి వెళ్ళి, తను అటియెనోతో ఆ పల్లెకు వెళ్తానని అడిగింది. ఈ పిల్లకు భాష వచ్చింది, కానీ ఇంట్లో ఎవరికీ రాదు. సెలవులన్నీ మళ్ళీ మూగగా గడపాలి. కనీసం అమ్మమ్మకైనా నేర్పాలి.

"నీకు అక్కడ ఎవరూ తెలియరు. లువో ఒక్క ముక్క రాదు," అంది మిసెస్ అకిన్యి.

"అటియెనోకు కూడా రాదు కదా మేడం," అంది జమున.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి ఆమెను చూసింది. రోజూ ఫోన్ చేయాలనే షరతుతో ఒప్పుకుంది.

పల్లె బస్సులో మూడు గంటల దూరం. మట్టి ఇల్లు, పెరట్లో కోళ్ళు, పక్కనే మేనమామ ఇల్లు. మేనమామ కూతుళ్ళు ఇద్దరు. వాళ్ళకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. జమున ముందు ఆ అమ్మాయిలకు నేర్పింది. వాళ్ళకు అది ఆటలా తోచి, రెండు మూడు రోజుల్లో అటియెనోతో గుసగుసలు మొదలుపెట్టారు. అమ్మమ్మ మాత్రం సిగ్గుపడింది. పార పట్టి పట్టి ఆమె వేళ్ళు పూర్తిగా చాచుకోవు. ఈ వయసులో నాకెందుకు అన్నట్టు చేతులు కొంగులో దాచుకునేది. జమున ఆమెను బలవంతం చేయలేదు. ఆమెతో కలిసి నీళ్ళు తెచ్చింది, చేలో కలుపు తీసింది, పనిలో ఏది ముట్టుకుంటే దాని సైగ చేసింది. నీళ్ళు. కుండ. కోడి. రా. పో. ముసలామె వేళ్ళు నెమ్మదిగా కొంగులోంచి బయటికి వచ్చాయి.

ఒక పొద్దున అమ్మమ్మ జావ కాచి గిన్నె అటియెనో ముందు పెట్టింది. పిల్ల నెట్టేసింది. అమ్మమ్మ మళ్ళీ దగ్గరకు జరిపింది. తాగు అని సైగ చేసింది, అప్పుడే నేర్చిన సైగ.

అటియెనో లేచి నిలబడి, చేతులతో ఇలా చెప్పింది: "నేను తాగితే నువ్వు పోతావు."

పెరట్లో ఉన్నవాళ్ళంతా ఆగిపోయారు. అమ్మమ్మకు "నువ్వు" అనీ "పోవు" అనీ అర్థమయ్యాయి, మిగతాది కాలేదు. పెద్ద మనవరాలు లువోలో చెప్పింది. ముసలామె పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. బడిలో ఆ రోజు జరిగింది ఆమెకు గుర్తొచ్చింది. మూడు నెలలకు పైగా పిల్ల ప్రతి గిన్నెలో దాన్నే చూస్తోందని జమునకూ అప్పుడే తెలిసింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఈ మాట వాళ్ళిద్దరి మధ్యనే జరగాలి.

అమ్మమ్మ వంకర వేళ్ళతో ఒక్కొక్క మాటే కూడదీసుకుంది. "నువ్వు బడి. నేను ఇల్లు." తర్వాతి సైగ వెతుక్కుంది. "నేను వస్తా. వస్తా. వస్తా."

అటియెనో ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత అమ్మమ్మ కట్టుకున్న గుడ్డ అంచు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో గిన్నె ఎత్తి, మధ్య మధ్య కళ్ళెత్తి చూస్తూ జావ మొత్తం తాగింది.

బడి తెరిచాక జమున ఈ సంగతి ఉపాధ్యాయుల సమావేశంలో చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. పిల్లను దిగబెట్టేవాళ్ళు పిల్ల కళ్ళ ముందే వీడ్కోలు చెప్పి వెళ్ళాలనీ, టర్ము మొదట్లో ఇంటివాళ్ళు కూడా రెండు మూడు రోజులుండి సైగలు నేర్చుకోవాలనీ అడిగింది. వాళ్ళను ఎక్కడ పడుకోబెడతాం, ఎవరు వండుతారు అని కొందరు లేచారు. ఓకోత్ మాష్టారు బల్ల చరిచి, తన తల్లి బతికున్నంత కాలం తనతో ఒక్క మాట మాట్లాడలేకపోయిందని చేతులతో చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. మూడో టర్ములో ఏడు కుటుంబాలు వచ్చాయి. రాని కుటుంబాలే ఎక్కువ. అయినా అటియెనో అమ్మమ్మ వచ్చి, సిగ్గుపడుతున్న మిగతా ముసలాళ్ళ కొంగుల్లోంచి చేతులు బయటికి లాగింది.

డిసెంబరులో జమున సూరత్‌కు తిరిగి వచ్చింది. మార్కెట్‌లో ఉద్యోగం వేరే ఎవరికో వెళ్ళిపోయింది. అందుకు ఆమె బాధపడలేదు, ఎందుకంటే దాని కోసం అడగను కూడా లేదు. చెవిటి పిల్లలకు చదువు చెప్పే రెండేళ్ళ డిప్లొమాలో చేరింది. పొద్దున కాలేజీ, సాయంత్రం హంసాబెన్ ట్యూషన్లు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చి పడింది. కెన్యా సైగల భాష వేరు, మన దేశపు సైగల భాష వేరు. అక్షరాలు అక్కడ ఒంటి చేత్తో చేస్తారు, ఇక్కడ రెండు చేతులతో. ఆమె కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే దేవదాస్‌ను వెతికి పట్టుకుంది. దేవదాస్ చెవిటివాడు, కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం. సైగల్లో పెద్ద వక్త అని చెవిటివాళ్ళ సంఘంలో పేరు. జమున తన పేరు ఒంటి చేత్తో రాసి చూపిస్తే, ఆయన ఆమె రెండో చెయ్యి పట్టుకుని ఊపి, "ఇది ఎందుకుంది, గాజులేసుకోవడానికా?" అని సైగలతో అడిగాడు. ఆమె మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం హంసాబెన్ మేడ మీద దేవదాస్, జమున కలిసి తరగతి నడుపుతున్నారు. పిల్లలకు కాదు, చెవిటి పిల్లల ఇంటివాళ్ళకు. మగ్గాల వాళ్ళు, మిల్లుల వాళ్ళు, ఒరియా వాళ్ళు, మరాఠీ వాళ్ళు వస్తారు. రాజమల్లు, స్వరాజ్యం వెనక బెంచీలో పక్కపక్కన కూర్చుంటారు. స్వరాజ్యానికి త్వరగా వస్తోంది, రాజమల్లు ఆమెను చూసి కాపీ కొడతాడు.

మొన్నా మధ్య లింగవ్వ అనే ఆమె ఐదేళ్ళ కొడుకును చంకనేసుకుని వచ్చింది. భర్త మిల్లులో పని. గుమ్మంలోనే నిలబడి జమునను అడిగింది.

"మేడం, సైగలు నేర్పిస్తే ఇగ వానికి మాటెట్ల వస్తదట? మా ఆడబిడ్డ వద్దంటున్నది."

"మాట వస్తే మంచిదే అక్కా, చెవి మిషన్ పెట్టియ్యి, డాక్టర్‌కు చూపియ్యి. గది వచ్చేదాక వాడు నీతోని ఏం మాట్లాడకుంట కూసోవాల్నా?"

లింగవ్వ కొడుకును చంకలోంచి దించింది. లోపలికి వచ్చి కూర్చుంది. తర్వాతి ఆదివారం భర్తనూ పెద్ద కూతురినీ కూడా వెంటబెట్టుకొచ్చింది. వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఆ కుటుంబం మెట్లెక్కి వస్తుండగానే లింగవ్వ గొంతు మేడంతా వినిపించింది. కొడుకు ఆమె చీర లాగి, అక్కను వేలితో చూపి, చేతులతో గబగబా ఏదో చెప్పాడట. అక్క నా బిస్కెట్ తిన్నది, పెద్దది, మొత్తం తిన్నది అని.

"చూసినవా మేడం, చాడీలు చెప్తున్నడు!" అంటూ లింగవ్వ కూతురి చెవి మెలిపెడుతూ, కొడుకును ముద్దు పెట్టుకుంటూ, గది మధ్యలో నిలబడి అందరికీ ఆ చాడీని మళ్ళీ చేతులతో చేసి చూపించింది. ఒక సైగ తప్పు చేసింది. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని సరిదిద్దాడు.